బస్టాపులో నిలబడి లెక్కపెట్టినవాళ్లు

ఏటా డిసెంబరు చివర్లో పోలీసు కమిషనరేట్లు వార్షిక నివేదికలు విడుదల చేస్తాయి. మర్నాడు పేపర్లలో మహిళలపై నేరాలు ఇంత శాతం పెరిగాయనో, ఇంత తగ్గాయనో పెద్దక్షరాల్లో వస్తుంది. నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. ఆ రోజు సిలబస్ పక్కనపెట్టి పేపరే క్లాసుకు పట్టుకెళతాను. పిల్లల్ని అడిగేది ఒక్కటే ప్రశ్న: ఇది నేరాల లెక్కా, ఫిర్యాదుల లెక్కా?

ఈ రెండింటికీ మధ్య ఎంత దూరముందో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. 2019-21 నాటి ఐదో విడత ప్రకారం, శారీరక హింసకో లైంగిక హింసకో గురైన స్త్రీలలో ఎవరి సాయమైనా కోరినవాళ్లు 14 శాతమే. 77 శాతం మంది సాయమూ కోరలేదు, ఎవరితోనూ చెప్పుకోనూ లేదు. సాయం కోరడమంటే స్టేషనుకు వెళ్లడమే కాదు, పుట్టింటివాళ్ల సాయం అడగడం కూడా ఆ 14 శాతంలోనే ఉంది. ఇళ్లలో దెబ్బలు తిన్నవాళ్ల సంగతే ఇలా ఉంటే, రద్దీ బస్సులో ఎవడో చెయ్యి వేశాడని స్టేషన్ మెట్లెక్కేవాళ్లు ఎందరుంటారు?

పైగా మన జాతీయ నేర గణాంకాలకు ఇంకో పద్ధతి ఉంది. ఒక ఎఫ్ఐఆర్‌లో నాలుగు సెక్షన్లు పెడితే, వాటిలో అన్నిటికంటే పెద్ద నేరాన్నే లెక్కలో వేసుకుంటారు. నెలల తరబడి ఒక అమ్మాయి వెంటపడి చివరికి చంపేశాడనుకోండి, అది హత్యల పట్టికలోకి వెళుతుంది. వెంటపడిన ఆ నెలలన్నీ ఏ పట్టికలోనూ కనబడవు. నిజానికి ఆపడానికి వీలున్నది ఆ నెలల్లోనే.

ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకోవడానికి పోలీసుల షీ టీమ్స్ హైదరాబాద్‌లో మొదలైంది 2014 అక్టోబరులో. తర్వాత తెలంగాణ అంతటికీ వచ్చాయి. జనంలో వాటికి పేరు తెచ్చింది మఫ్టీ. బస్టాపుల్లో, కాలేజీ గేట్ల దగ్గర మామూలు బట్టల్లో జనంలో కలిసి నిలబడతారు. ఆకతాయిల చేష్టలను గుట్టుగా వీడియో తీస్తారు, అక్కడికక్కడే పట్టుకుంటారు, పెట్టీ కేసు పెడతారు, తల్లిదండ్రుల్ని పిలిపించి కౌన్సెలింగ్ ఇస్తారు. మంచి ప్రయత్నమని మొదటినుంచీ అనుకుంటున్నాను. అయితే దానివల్ల రోడ్డు మీద వేధింపు తగ్గిందా అంటే ఫిర్యాదుల రిజిస్టరు జవాబు చెప్పలేదు. నమ్మకం కుదిరి ఎక్కువమంది అమ్మాయిలు ఫోన్ చేసినా అంకె పెరుగుతుంది, వేధింపు ఎక్కువైనా అదే అంకె పెరుగుతుంది. పోలీసుల పని మెరుగైందో, ఊరు పాడైందో ఆ కాగితం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఈ ముడి విప్పడానికి ఒక ఆర్థికవేత్తల బృందం హైదరాబాద్ సిటీ పోలీసులతోనే కలిసి పనిచేసింది. సోఫియా అమరాల్, గిరిజా బోర్కర్, నిశిత్ ప్రకాష్, మరియా మికేలా స్వియాచీ, ఇంకొందరు. వాళ్ల పరిశోధన చదివిన దగ్గర్నుంచి కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నాను. ఆర్థికశాస్త్రం వాళ్లకు ఆకతాయిలతో పనేంటని మా స్టాఫ్ రూములో తెలుగు మేడమ్ గారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే, కాస్త వెనక్కి వెళ్లి చెప్పాలి.

1968లో గ్యారీ బెకర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త నేరం గురించీ శిక్ష గురించీ ఒక వ్యాసం రాశాడు. ఆ ఆలోచన ఎలా తట్టిందో ఆయనే చెప్పుకున్నాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థికి మౌఖిక పరీక్ష పెట్టాలి, అప్పటికే ఆలస్యమైంది. కారును డబ్బు కట్టే పార్కింగ్‌లో పెట్టి రావాలా, రూలుకు విరుద్ధంగా వీధిలోనే వదిలేయాలా? చలానా పడే అవకాశం ఎంత, పడితే ఎంత కట్టాలి అని లెక్క వేసుకుని వీధిలోనే పెట్టేశాడు. నడుస్తూ ఉండగా, చలానాలు రాసేవాళ్లు కూడా ఇలాంటి లెక్కే వేసుకుంటూ ఉంటారు కదా అనిపించిందట. తప్పు చేసేవాడు మూడు విషయాలు చూసుకుంటాడని ఆ వ్యాసం సారాంశం: చేస్తే ఏం దక్కుతుంది, దొరికిపోయే అవకాశం ఎంత, దొరికితే ఏమవుతుంది. బెకర్‌కు 1992లో నోబెల్ బహుమతి వచ్చింది.

అదంతా కాగితం మీది సిద్ధాంతం. దాన్ని ఊళ్లలో పరీక్షించబోయిన తర్వాతి తరానికి పెద్ద అడ్డంకి ఎదురైంది. ఏ నగరంలో చూసినా పోలీసులు ఎక్కువున్న చోటే నేరాలూ ఎక్కువ. నేరాలు జరిగే చోటికే పోలీసుల్ని పంపుతారు కాబట్టి అలా కనబడుతుంది. ఉత్త అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే పోలీసులే నేరాన్ని పెంచుతున్నారని తేలుతుంది! కాబట్టి నేరంతో సంబంధం లేని కారణంతో పోలీసులు ఒక చోటికి వెళ్లిన సందర్భం కావాలి.

అలాంటి సందర్భం ఒకటి ఘోరమైన రూపంలో వచ్చింది. 1994 జులై 18న అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో యూదుల కేంద్రం మీద బాంబు దాడి జరిగింది. 85 మంది చనిపోయారు. వారం తిరిగేసరికి ప్రభుత్వం నగరంలోని యూదుల సంస్థలన్నిటి ముందూ పోలీసు కాపలా పెట్టింది. ఆ వీధుల్లో కార్ల దొంగతనాలు ఎక్కువనో తక్కువనో పెట్టిన కాపలా కాదది. ఆర్థికవేత్తలు డి టెల్లా, షార్గ్రోడ్‌స్కీ ఆ వీధుల లెక్కలు తీశారు. కాపలా ఉన్న వీధి భాగంలో కార్ల దొంగతనాలు దాదాపు 75 శాతం తగ్గాయి. అక్కడికి ఒకటి రెండు వీధుల అవతల మాత్రం ఏ మార్పూ లేదు. 2004లో అచ్చయిన ఈ పరిశోధన చెప్పగానే మా క్లాసులో వెనక బెంచీ అమ్మాయి లేచి, "అంటే కళ్ల ముందు కనబడితేనే భయం, కనబడకపోతే లేదు, అంతేనా మేడమ్?" అంది. ఆ అమ్మాయికి హైదరాబాద్ ఫలితం అప్పటికి నేను చెప్పలేదు.

హైదరాబాద్‌లో చేసింది ఇంకో అడుగు ముందుకు. ఏదో ఘోరం జరిగి పోలీసులు కదిలేదాకా ఆగకుండా, ఎక్కడికి వెళ్లాలన్నది లాటరీతో తేల్చారు. వేధింపులు ఎక్కువగా జరిగే 350 హాట్‌స్పాట్లు తీసుకున్నారు. కొన్నిచోట్లకు యూనిఫాంలో గస్తీ, కొన్నిచోట్లకు మఫ్టీలో గస్తీ, మిగతా చోట్ల మామూలుగా ఉన్నదే. ఎవరికి ఏది వచ్చిందన్నది అదృష్టం. కాబట్టి ఆ తర్వాత కనబడే తేడాకు కారణం గస్తీయే తప్ప ఆ చోటు గుణం కాదు.

నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇంకోటి. వాళ్లు స్టేషన్ రిజిస్టర్ల మీద ఆధారపడలేదు. శిక్షణ ఇచ్చిన పరిశీలకుల్ని ఆ హాట్‌స్పాట్ల దగ్గర నిలబెట్టారు. కళ్ల ముందు జరిగిన ప్రతి వేధింపునూ, ఆ అమ్మాయి ఏం చేసిందన్నదాన్నీ అప్పటికప్పుడు రాసుకున్నారు. ఫిర్యాదు అవసరం లేదు, సాక్ష్యం అక్కర్లేదు, ఎవరి పరువూ పోదు. జరిగింది జరిగినట్టు లెక్కకెక్కింది.

ఏం తేలిందంటే, గస్తీ వల్ల మొత్తం వేధింపు తగ్గలేదు. కానీ యూనిఫాం గస్తీ ఉన్నచోట తీవ్రమైన వేధింపులు, అంటే బలవంతంగా తాకడం, బెదిరించడం లాంటివి 27 శాతం తగ్గాయి. వేధింపు భరించలేక అమ్మాయిలు ఆ చోటు వదిలి వెళ్లిపోవడం కూడా తగ్గింది. మఫ్టీ గస్తీకి అలాంటి ఫలితం కనబడలేదు.

మొత్తం తగ్గకుండా తీవ్రమైనవి తగ్గడమేమిటని పిల్లలు బోర్డు దగ్గరే పట్టుబట్టారు. కూర్చుని విడదీసి చూస్తే అర్థమవుతుంది. మొత్తంలో చూపులు, ఈలలు, కామెంట్లు ఉంటాయి, చెయ్యి వేయడాలు ఉంటాయి. చెయ్యి వేయడాలు తగ్గినా మొత్తం కదల్లేదంటే చూపులూ మాటలూ తగ్గలేదన్నమాట. ఖాకీ కనబడగానే చెయ్యి ఆగింది, నోరు ఆగలేదు. ఎదురుగా కానిస్టేబుల్ నిలబడి ఉన్నా కామెంటు చేస్తే ఏం కాదన్న ధైర్యం వాడికి ఉంది. ఆ ధైర్యం ఎక్కణ్నుంచి వచ్చిందో పరిశోధకులు కూడా తవ్వారు. గస్తీ కళ్లకు కనబడటం ఎంత ముఖ్యమో, ఆ గస్తీలో ఉన్న పోలీసులు వేధింపును ఎలా చూస్తారన్నదీ అంతే ముఖ్యమని తేల్చారు. ఈలను నేరంగా చూడని మనిషికి యూనిఫాం తొడిగి నిలబెడితే ఈల ఆగదు. మన చట్టంలో మాత్రం దానికి చోటు ఎప్పుడో ఉంది. స్త్రీని అవమానించే మాట, సైగ పాత శిక్షాస్మృతిలో 509 సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన న్యాయ సంహితలో 79.

ఈ పరిశోధనను నోటితో చెప్పి వదిలేయడం నాకు ఇష్టం లేకపోయింది. మా ప్రిన్సిపాల్ గారి అనుమతి తీసుకుని, ఇద్దరు లెక్చరర్లం వెంట ఉండి, ఫైనలియర్ పిల్లల్ని జంటలుగా మా కాలేజీ ముందు బస్టాపులో నిలబెట్టాను. చేతికి ఒక ఫారం ఇచ్చాను. మూడు గళ్లు: టైము, ఏం జరిగింది, అమ్మాయి ఏం చేసింది. ఎవరి పేరూ రాయకూడదు, ఫోటో తీయకూడదు, ఎవరితోనూ గొడవ పెట్టుకోకూడదు. ఏదైనా పెద్దదైతే పరుగున మా దగ్గరికి రావాలి.

రెండో గడి దగ్గరే తగువు మొదలైంది. ఒకడు చాలాసేపు కన్నార్పకుండా చూశాడు, రాయాలా? ఒక జంట రాసింది, ఇంకో జంట వదిలేసింది. బైకు మీద ఇద్దరు స్టాపు ముందు నుంచి వెళ్లి, ముందు సందులో తిరిగి మళ్లీ వచ్చారు. అది వేధింపా, దారి తప్పడమా? ఒకమ్మాయి దాన్ని రాయలేదు. ఎందుకంటే, "రోజూ ఉండేదే కదా మేడమ్" అంది. ఆ మాటకు నాకు బాధేసింది. లెక్కల పాఠంగా కూడా అది చాలా పెద్ద మాట. అలవాటైపోయినది కంటికి ఆనదు, కంటికి ఆననిది ఫారం మీదికి రాదు. చూసేవాళ్లకు ముందే గట్టి శిక్షణ ఎందుకివ్వాలో, ఏది రాయాలో ఏది వద్దో ఎందుకు నిర్ణయించుకుని దిగాలో ఆ రోజు పిల్లలకు పుస్తకం తెరవకుండానే తెలిసింది.

మూడో గడి నిండిన తీరు చూసి ఇద్దరం లెక్చరర్లమూ నిశ్శబ్దమైపోయాం. అమ్మాయి ఏం చేసింది: బ్యాగు వెనక నుంచి ముందుకు తిప్పుకుంది. స్తంభం అవతలికి వెళ్లి నిలబడింది. ఫోన్ రాకపోయినా చెవి దగ్గర పెట్టుకుని "ఆఁ నాన్నా, స్టాపులోనే ఉన్నా" అంది. పక్కనున్న పెద్దావిడ దగ్గరికి జరిగి, తెలిసినవాళ్లలా మాటలు కలిపింది. వచ్చిన బస్సు తనదే అయినా, వాడు ఆ బస్సు ఎక్కాడని ఎక్కకుండా ఆగిపోయింది. ఎదురు తిరిగి మాట్లాడిందని రాసిన ఫారం ఒక్కటీ లేదు. వీటిలో ఏ ఒక్కటీ డయల్ 100 దాకా వెళ్లదు. హైదరాబాద్ పరిశోధన "చోటు వదిలి వెళ్లిపోవడం" అన్నదాన్ని విడిగా ఎందుకు కొలిచిందో మా పిల్లలు ఇక నన్ను అడగలేదు. ఆ బస్సు వదిలేసిన అమ్మాయికి మొదటి గంట క్లాసు పోయి ఉంటుంది. అటెండెన్స్ రిజిస్టరులో అది ఆమె తప్పుగానే పడుతుంది.

ఇలా పోయేది ఎంతో ఇదే బృందంలోని గిరిజా బోర్కర్ అంతకుముందు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో లెక్క తీసింది. అక్కడ ఒకే విశ్వవిద్యాలయం కింద మంచివీ మామూలువీ చాలా కాలేజీలున్నాయి, చాలామంది పిల్లలు ఇంటి నుంచే వెళ్లొస్తారు. ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయి, ఏయే కాలేజీల్లో సీటు వచ్చేది, ఏది ఎంచుకున్నారు, దారి ఎంత భద్రంగా ఉంది అని అన్నీ కలిపి చూసింది. దారి భద్రంగా ఉంటే చాలు, పై 20 శాతంలో ఉన్న కాలేజీని వదులుకుని కింది సగంలో ఉన్న కాలేజీలో చేరడానికి కూడా అమ్మాయిలు సిద్ధపడుతున్నారని తేలింది. అబ్బాయిల విషయంలో దారి అంత బరువు తూగలేదు. దీన్ని మించిన నేర గణాంకం నాకు తెలియదు. ఇక్కడ నేరం జరగను కూడా జరగలేదు. జరుగుతుందేమోనన్న భయమే ఒక పిల్ల చదువును కిందికి లాగేసింది. మా కాలేజీలో చేరేటప్పుడు "దగ్గరని ఇందులో వేశాం మేడమ్" అని చెప్పే తండ్రులు ఎందరో. నేను అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చున్నప్పుడల్లా ఆ పక్కనే తలొంచుకుని నిలబడ్డ అమ్మాయి మార్కుల మెమో చూస్తుంటాను. ఇంతకంటే మంచిచోట సీటు వచ్చే మార్కులు.

పోలీసుల చూపు మారితే ఏమవుతుందన్నదానికి మధ్యప్రదేశ్‌లో జరిగిన పరిశోధన ఉంది. సందీప్ సుఖ్తంకర్, గాబ్రియెల్ క్రుక్స్-విస్నర్, అక్షయ్ మంగ్లా కలిసి చేశారు, 2022లో సైన్స్ పత్రికలో వచ్చింది. 180 పోలీసు స్టేషన్లు తీసుకుని, లాటరీతో కొన్నింటిలో ఊర్జా పేరుతో మహిళా హెల్ప్‌డెస్కులు పెట్టించారు. వచ్చిన స్త్రీతో పక్కకు కూర్చుని మాట్లాడటానికి కాస్త చోటు, ఏ ఫిర్యాదుకు ఏం చేయాలో రాసిపెట్టిన పద్ధతి, సిబ్బందికి శిక్షణ. పైకి చిన్నవిగా కనబడే మార్పులే. ఆ స్టేషన్లలో స్త్రీల కేసులు నమోదు కావడం పెరిగింది. గృహహింస చట్టం కింద రాసే నివేదికలు మరీ పెరిగాయి. ఎఫ్ఐఆర్‌ల విషయంలో, డెస్కు దగ్గర మహిళా అధికారిని కూర్చోబెట్టిన స్టేషన్లలో తేడా గట్టిగా కనబడింది.

ఇక్కడ కేసులు పెరగడమే విజయం. ఇదే మార్పు ఏ కమిషనరేట్‌లోనైనా వస్తే, ఆ ఏడాది పేపర్లు మహిళలపై నేరాలు పెరిగాయని రాస్తాయి, ఆ కమిషనర్ సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది. తగ్గిన అంకెకు మెచ్చుకోలు దొరికినంత కాలం, ఫిర్యాదు తీసుకోకుండా రాజీ చేసి పంపడానికే స్టేషన్లు మొగ్గుతాయి. ఇది ఎవరి దుర్మార్గమూ కానక్కర్లేదు. కొలిచేది తప్పుదైతే మంచి అధికారి కూడా తప్పువైపే నడుస్తాడు.

2019 చివర్లో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తర్వాత మనందరి కోపం ఎటు వెళ్లిందో గుర్తుంది. డిసెంబరు 6 తెల్లవారుజామున నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోతే రోడ్డు మీద పూలు చల్లారు. అదే నెల 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ 21 రోజుల్లో తీర్పు, ఉరిశిక్ష అంటూ దిశ బిల్లు ఆమోదించింది. ఆ కోపం నాకూ ఉంది, ఆడపిల్లలున్న ఇంట్లో ఎవరికైనా ఉంటుంది. కానీ బెకర్ చెప్పిన మూడింటిలో మనం ఎప్పుడూ మూడోదాన్నే పట్టుకుంటాం, దొరికితే ఏం చేయాలి అని. దాదాపు అరవై ఏళ్లుగా దేశదేశాల లెక్కలు చెబుతున్నది మాత్రం రెండోదాని గురించి. శిక్ష ఎంత పెద్దదన్నదానికంటే, దొరికిపోతానన్న నమ్మకం ఎంత గట్టిదన్నదే మనిషిని ఎక్కువగా ఆపుతుంది. ఉరి వేస్తామన్న చట్టం బస్టాపులో నిలబడ్డవాడికి గుర్తు రాదు. పది అడుగుల దూరంలో ఖాకీ చొక్కా గుర్తొస్తుంది.

దీన్నిబట్టి మఫ్టీ టీములు దండగ అని నేను అనడం లేదు. వీడియోతో పట్టుకోవాలన్నా, వెంటపడేవాణ్ని సాక్ష్యంతో కోర్టుకు తీసుకెళ్లాలన్నా వాళ్లే కావాలి. ఆ పరిశోధన కొలిచింది గస్తీ ఉన్న కాలంలో ఆ చోట ఏం జరిగిందన్నదే. ఏళ్ల తరబడి "ఎవరు పోలీసో తెలియదు" అన్న భయం ఊరంతా పాకితే వచ్చే ఫలితం దానికి చిక్కకపోయి ఉండొచ్చు. కానీ ఒక సాయంత్రం, ఒక స్టాపులో, ఒక అమ్మాయి మీద చెయ్యి పడకుండా ఆపాలంటే యూనిఫాం కావాలని మన ఊళ్లోనే, మన పోలీసులతోనే తేలింది. దాన్ని వాడుకోకపోతే నష్టం మనదే.

మా ఏరియా ఇన్‌స్పెక్టర్ గారికి ఇవ్వడానికి పిల్లలతో కలిసి ఒక అర్జీ రాశాం. అందులో మూడే అడిగాం. కాలేజీలు మొదలయ్యే వేళ, వదిలే వేళ ఈ స్టాపులో యూనిఫాంలో ఇద్దరు ఉండాలి, అందులో ఒకరైనా మహిళా కానిస్టేబుల్ కావాలి. ఈల వేసినా, కామెంటు చేసినా వాణ్ని పిలిచి పేరు రాసుకోవాలి. మా పిల్లలు వారానికొకసారి ఫారాలతో నిలబడటానికి అనుమతి ఇవ్వాలి. సోమవారం వెళుతున్నాం. ఈ రెండు రోజుల్లో ఇంకెవరైనా కాలేజీ లెక్చరర్లు తమ స్టాపు పేరు చేర్చమంటే చేరుస్తాను, ఫారం నమూనా కావాలన్నా పంపిస్తాను.